ఎర్ర లక్క, నల్ల లక్క

ఆల్మెరూడ్, పాస్టరు ఇల్లు
అక్టోబరు 9

తమ్ముడు ఊలోఫ్‌కు దేవుని కృప తోడై ఉండుగాక.

నిన్ను ‘మీరు’ అని రాయాలా, ‘నువ్వు’ అని రాయాలా అని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాజుగారు నీకు బిరుదిచ్చారు, ఇంటిపేరు మార్చారు, తన పక్కన కుర్చీ వేయించారు. కానీ నీకు గంజి తినిపించిన చేత్తో ‘మీరు’ అని రాయడం రావడం లేదు. క్షమించు.

మీ బావగారు పోయి అయిదు నెలలైంది. నాకు కనికరపు ఏడాది నడుస్తోంది. గుడి గంటలు కొట్టినవాడి కొడుకువి, నీకు చెప్పాలా? పాస్టరు పోతే విధవకు ఒక్క ఏడాది ఆ ఇల్లూ, ఆ పొలం మీద పంటా ఉంచుతారు. మే ఒకటో తేదీన తాళంచెవులు అప్పగించి గడప దిగాలి. దిగకూడదంటే కొత్తగా వచ్చే పాస్టరు ఇంట్లో ఉన్న విధవనో, కూతుర్నో పెళ్ళాడాలి. ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అదే.

మాకు దేవుడు ఒక దారి చూపించాడు. సహాయ పాస్టరు యూనాస్ తురీన్ మన లొవీసాను చేసుకుంటానంటున్నాడు. పిల్లకు ఇరవై రెండు. అతని పేరెత్తితే చాలు, దువ్వెన ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది. మా సంఘం రాజుగారి చేతిలోది. పాస్టర్ల నియామకపు కాయితాలన్నీ నీ బల్ల మీదుగానే వెళ్తాయని విన్నాను. తురీన్‌కు ఇప్పించు తమ్ముడూ. పిల్లకు మొగుడు దొరుకుతాడు, నాకు నా పొయ్యి మిగులుతుంది, ఈ సంఘానికి మంచి కాపరి ఉంటాడు.

మొన్న రైతు హోకన్ వచ్చి, “అమ్మగారూ, తమ్ముడుగారికి రాయండి. ఆయన రాజుగారి చెవిలోనే ఉంటారట కదా” అన్నాడు. “చెవిలో ఉండేది గుబిలి హోకన్, మా తమ్ముడు పక్క కుర్చీలో ఉంటాడు” అన్నాను. మీ బావగారు పోయాక ఈ ఇంట్లో నవ్వు వినపడింది అదే మొదటిసారి.

నీ అక్క,
బేయాటా

*

స్టాక్‌హోమ్, రాజభవనం
అక్టోబరు 28

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి రాజుగారి బల్ల దగ్గర మధ్యాహ్న భోజనంలో ఉన్నాను. “ఎవరిది?” అన్నారు. “మా అక్కది ప్రభూ, పల్లెటూరి పాస్టరమ్మ” అన్నాను. “చదువు” అన్నారు. చదివాను. గుబిలి దగ్గరికి వచ్చేసరికి రాజుగారు తాగుతున్న ద్రాక్షసారా ముక్కులోంచి వచ్చింది! పండు కోసే కత్తి బల్ల మీద పెట్టి, “ఈవిడ చేత ఇంకా రాయించు” అన్నారు.

ఇక్కడ బతుకు ఎలాంటిదో నీకు తెలియదు. రాజుగారికి ఆవులింత వచ్చిన రోజు ఎవడో ఒకడి కుర్చీ పోతుంది. కొత్తగా ఒక బారన్ వచ్చాడు, వేణువు వాయిస్తాడు, పెట్టుడు జుట్టు కాదు, వెంట్రుకలు కూడా వాడివే. నాకు నలభై దాటాయి. నా దగ్గర మాటలు తప్ప ఏం లేవు. ఇప్పుడు నువ్వు దొరికావు.

కనుక ఒక ఏర్పాటు. ఈ పొట్లంలో ఎర్ర లక్క కడ్డీ పంపుతున్నాను. బల్ల మీద చదవడానికి రాసేవి ఎర్ర లక్కతో ముద్ర వెయ్యి. ఆ ముద్రను రాజుగారే తన కత్తితో తెరుస్తారు, నేను ముందు చూడకుండా అక్కడికక్కడే చదవాలి. ఆటకు నియమం అదీ. కనుక నీ కడుపునొప్పి సంగతులు అందులో పెట్టకు. నాకొక్కడికే రాసేవి, ఎలాగూ సూతకంలో ఉన్నావు కదా, నల్ల లక్కతో పంపు. అవి నేను తప్ప ఎవరూ చూడరు. నా ఉత్తరాలు కూడా నువ్వొక్కదానివే చదువు.

తురీన్ సంగతి అయిపోయినట్టే అనుకో. కొత్త సంవత్సరం వచ్చాక కాయితం పెడతాను. ఈలోగా నవ్వించు. నవ్వించిన వాళ్ళ మాట ఇక్కడ తొందరగా చెల్లుతుంది. రాయి అక్కా, నీ ఉత్తరం లేకపోతే ఇక్కడ మాకు పొద్దుపోదు.

ఊలోఫ్

*

ఆల్మెరూడ్
నవంబరు 15
(ఎర్ర లక్క)

తమ్ముడికి,

ఈ ఉత్తరం ఎవరి కత్తి కింద తెరుచుకుంటుందో తలుచుకుంటే చెయ్యి వణుకుతోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. అంతకన్నా నాకు చేతకాదు.

మా సంఘం కోసం పోటీ పడుతున్నవాళ్ళలో దైవశాస్త్ర పండితులు దొక్తోర్ వెక్‌మన్ గారు ఒకరు. అరవై ఒకటో ఏట ఉన్నారు, భార్యలు ఇద్దరూ పరలోకంలో ఉన్నారు. పరీక్ష ప్రసంగం చెప్పడానికి వచ్చి శనివారమే మా ఇంట్లో దిగారు. బండి దిగగానే నాకు దండం పెట్టలేదు, గోడకు పెట్టారు. అంటే అరచేత్తో గోడంతా తడిమి చెమ్మ చూశారు. తర్వాత జేబులోంచి దారం తీసి కిటికీలు కొలిచారు. “తెరలు నా దగ్గర ఉన్నాయి, సరిపోతాయా లేదా అని” అన్నారు. “ఇంకా నా తెరలు ఉన్నాయండీ” అన్నాను. “కనపడుతున్నాయమ్మా, కనపడుతున్నాయి. ఎంతకాలమని?” అన్నారు.

బఠానీల పులుసు రెండు గిన్నెలు తాగారు. గిన్నె కిందపెట్టి, నన్నూ లొవీసానూ మార్చి మార్చి చూసి, “ఇంతకీ ఇంటితోపాటు వచ్చేది తల్లా, కూతురా?” అని అడిగారు.

లొవీసా లేచి, “పెరట్లో పంది వస్తుందండీ, మిగతావాళ్ళం ఎవరం రాం” అంది. ఆయనకు కోపం రాలేదు. పంది బరువెంతో అడిగారు.

ఆదివారం ప్రసంగం గంటన్నర చెప్పారు. విషయం: లోకాశలు విడిచిపెట్టడం.

దేవుడు మన రాజుగారికి ఆయుష్షు ఇచ్చుగాక.

బేయాటా

*

గ్రిప్స్‌హోల్మ్ కోట
డిసెంబరు 4

అక్కా, నువ్వు బంగారం!

‘తల్లా, కూతురా?’ అన్నది ఇప్పుడు ఇక్కడ అందరి నోటా ఉంది. నిన్న రాజుగారి ముందు రెండు కోడి వేపుళ్ళు పెడితే, “ఇంటితోపాటు వచ్చేది ఏది?” అన్నారు. బల్లంతా పడి నవ్వింది. బారన్ వేణువు వాయిద్దామని లేచి మళ్ళీ కూర్చున్నాడు. వాడి మొహం చూడాల్సింది నువ్వు.

ఇక్కడ ఇప్పుడు నాటకం నడుస్తోంది. రాజుగారు రాసిన నాటకం. అంటే పేరు ఆయన రాశారు, మిగతాది నేను రాశాను. మూడో అంకంలో తన మాటలకు తనే ఏడ్చి, “ఊలోఫ్, ఇవి నాకు ఎక్కడినుంచి వస్తాయో!” అన్నారు. “పైనుంచి ప్రభూ” అన్నాను. నా గది మేడ మీద ఉంది మరి. వీరుడి దుస్తులు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, “నేను పొడుగ్గా కనపడుతున్నానా?” అని అడిగారు. “తలుపులే పొట్టిగా కట్టారు ప్రభూ” అన్నాను. నమ్మాడు అక్కా! ఆ రోజంతా ప్రతి తలుపు దగ్గరా తల వంచుకుని నడిచాడు. ముసలి పసిపిల్లాడు. మామూలు పిల్లలు ఆకలేసి ఏడుస్తారు, ఈయన చూసేవాళ్ళు లేకపోతే ఏడుస్తాడు. ఇవి నీకొక్కదానికే. చదివి పొయ్యిలో పెట్టు.

తురీన్ ఎలాంటివాడో నాకు విడిగా రాయి. ఉన్నది ఉన్నట్టు, నల్ల లక్కతో. మనిషి తెలిస్తే కదా రాజుగారికి ఎలా చెప్పాలో తెలిసేది.

ఊలోఫ్

*

ఆల్మెరూడ్
జనవరి 8
(నల్ల లక్క)

తమ్ముడూ,

తురీన్ ఎలాంటివాడో అడిగావు. ఒక్క సంగతి చెప్తాను, దాంట్లో మనిషంతా ఉన్నాడు. ఇది నీ దగ్గరే ఉండాలి.

ఇళ్ళలో ఎవరూ సారా కాచకూడదని కిందటేడు రాజాజ్ఞ వచ్చింది కదా. అటువంటివన్నీ ప్రసంగ వేదిక మీంచి చదవాలి, చదివామని కబురు పంపిన వారంలో సిపాయిలు వచ్చి రాగి బానలు పట్టుకుపోతారు. ఇక్కడ రైతులు తాగేది కొంచెమే. కాచాక మిగిలిన పిప్పి ఆవులకు పెడతారు. చలికాలంలో పశువులు బతికేది దాంతోనే. మీ బావగారు అప్పటికే మంచంలో ఉన్నారు. కాయితం తురీన్ చేతికి వచ్చింది. అతను దాన్ని జేబులో పెట్టుకుని మూడు ఆదివారాలు ఊరుకున్నాడు. నాలుగో ఆదివారం వచ్చిన చలికి చెట్లు పగిలాయి. గుళ్ళో పదకొండు మందిమి ఉన్నాం, అందులో ఇద్దరికి చెవుడు. అప్పుడు లేచి, గొంతు జీరపోయినట్టు, గబగబా, గొణుగుతూ చదివేశాడు. “చలికి నోరు తిరగడం లేదు, మన్నించండి” అన్నాడు. చివర ప్రార్థనలో, “రాజుగారికి ఆవుల ఆకలి తెలిసేటంత జ్ఞానం ఇమ్ము తండ్రీ” అన్నాడు. మేం పదకొండు మందిమీ, చెవిటివాళ్ళతో సహా, ఆమెన్ అన్నాం.

ఆజ్ఞ చదివినట్టు పుస్తకంలో రాశాడు. అబద్ధం లేదు. కానీ కబురు పంపడం ఆలస్యం చేశాడు. ఊరు తేరుకునేదాకా, గడ్డి మొలిచేదాకా, ఎవరి బానా పోలేదు.

ఇటువంటివాడు తమ్ముడూ. కాయితం పెట్టేటప్పుడు ఇతన్ని మనసులో పెట్టుకో.

బేయాటా

*

గ్రిప్స్‌హోల్మ్ కోట
జనవరి 30

అక్కా,

ఇది నిలబడి రాస్తున్నాను. ముందు చదువు, తర్వాత తిట్టు.

పదిహేను రోజులుగా మంచు. నీ ఎర్ర ఉత్తరం రాలేదు. సోమవారం బల్ల దగ్గర రాజుగారికి ఆవులింత వచ్చింది. ఒకటి కాదు, రెండు. రెండో ఆవులింతకి బారన్ వేణువు తీశాడు. “మీ పాస్టరమ్మ చచ్చిపోయిందా ఊలోఫ్?” అన్నారు రాజుగారు. నా జేబులో నీ నల్ల ఉత్తరం ఉంది. నా చెయ్యి అదే జేబులోకి పోయింది, నేను పంపలేదు.

అక్కడక్కడా వదిలేసి చదువుదామనుకున్నాను. చెట్లు పగలడం దగ్గర నవ్వారు. పదకొండు మంది దగ్గర ఇంకా నవ్వారు. ఇద్దరికి చెవుడు అనగానే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ ఆగడం నాకు చేతకాలేదు అక్కా. ప్రార్థన కూడా చదివేశాను. అప్పుడు రాజుగారు నవ్వలేదు. ఒక బాదంపప్పు తీసుకుని నెమ్మదిగా నమిలారు.

“ఆ మనిషికి చలి బాగా ఉపయోగపడుతోందే. సముద్రం మీద, ఫిన్లాండ్ వైపు కోటలో సైనికులకు పాస్టరు లేడు. మూడేళ్ళకని పంపు. చలికి లోటుండదు” అన్నారు. “మరి ఆల్మెరూడ్?” అన్నాను. “తల్లా కూతురా అన్నాయనకి ఇవ్వు. పాపం, జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు” అన్నారు. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే నేనూ ఆ కోటకే పోయేవాణ్ణి.

వెక్‌మన్ మంచివాడేనట. లొవీసా ఒప్పుకుంటే లొవీసా, లేకపోతే నువ్వు. ఇల్లు మీకు ఉంటుంది కదా. నువ్వు అడిగింది అదే కదా. పెళ్ళి కబుర్లు ఎర్ర లక్కతో రాయి, రాజుగారు అడుగుతున్నారు.

ఊలోఫ్

*

ఆల్మెరూడ్
ఫిబ్రవరి 14
(నల్ల లక్క)

తమ్ముడూ,

నిన్ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తిట్టు నాకు నేర్పలేదు ఎవరూ.

సిపాయిలు మంగళవారం వచ్చారు. రాజుగారి బల్ల దగ్గర చెవిటివాళ్ళ మాటకి ఎంత నవ్వారో వాళ్ళే చెప్పారు. తురీన్ మీ బావగారి పాత కోటు వేసుకుని బండెక్కాడు. లొవీసా గుమ్మంలో నిలబడింది. “చలికి నోరు తిరగడం లేదు, మన్నించు” అన్నాడు ఆమెతో. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. అదే నవ్వుతో ఆమె, “మూడేళ్ళేనటగా? నేను పందిని మేపుతూ ఉంటాను” అంది. బండి మలుపు తిరిగాక లోపలికి వచ్చి, నేల మీద, పొయ్యి ముందు కూర్చుని, నన్ను అడిగింది: “అమ్మా, ఆ చెవిటివాళ్ళ సంగతి మామయ్యకు ఎవరు రాశారు?”

నేనే రాశానని చెప్పాను. ఆ రోజు నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది.

వెక్‌మన్‌గారిని నేను చేసుకుంటాను. నాకు యాభై, ఆయనకు అరవై ఒకటి, దేవుడికి మా మీద నవ్వు వస్తే రానీ. నేను చేసుకుంటే లొవీసా తన ఇంట్లోనే ఉండి అతనికోసం ఎదురు చూడవచ్చు. బదులుగా నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. రెండేళ్ళ వాడివి, అమ్మ పోయిన రోజు రాత్రంతా ఎవరి వీపు మీద ఉన్నావో గుర్తు తెచ్చుకుని మాట ఇవ్వు: మూడేళ్ళు కాగానే తురీన్‌ను వెనక్కి పిలిపిస్తావని, ఈలోగా అతనికి మంచైనా చెడైనా ఆ రోజే నాకు తెలియజేస్తావని.

బేయాటా

*

స్టాక్‌హోమ్
మార్చి 1

అక్కా,

మాట ఇస్తున్నాను. రెండింటికీ. దేవుడి తోడు.

పెళ్ళికి బూడిదరంగు పట్టు పంపుతున్నాను, నల్లదైతే మళ్ళీ విధవవి అనుకుంటాడు పెళ్ళికొడుకు. రాజుగారు రోజూ అడుగుతున్నారు. “వేదిక దగ్గర వెక్‌మన్ ఏమన్నాడో, మొదటి పూట భోజనంలో ఏమన్నాడో, ఒక్కటీ వదలొద్దని చెప్పు” అన్నారు. వదలకు.

ఊలోఫ్

*

ఆల్మెరూడ్
ఏప్రిల్ 28
(ఎర్ర లక్క)

తమ్ముడికి,

ఆదివారం పెళ్ళయింది. ముద్ర తెరిచిన కత్తిని ఎక్కువసేపు ఆపకుండా చెప్తాను.

“ఈమెను భార్యగా స్వీకరిస్తావా?” అని పొరుగు పాస్టరుగారు అడిగితే, దొక్తోర్ వెక్‌మన్ గారు, “ఇంటితోపాటు కదా?” అని అడిగి, అవునన్నాక, “స్వీకరిస్తాను” అన్నారు. హోకన్ వెనక బల్ల మీంచి, “కిటికీలతో సహా!” అన్నాడు.

మొదటి పూట భోజనంలో జున్ను రొట్టె మూడు ముక్కలు తిని, కొట్టు తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా నడుముకు ఉన్నది. తీసి ఇచ్చాను. ఆయన తన నడుముకు కట్టుకుని, అటూ ఇటూ నడిచి, “గలగలమంటోంది, బాగుంది” అన్నారు. లొవీసాను నేతగదిలోకి మార్చారు, దాని గదిలో తెరలు పెట్టారు. తెరలు పొట్టివయ్యాయి. తప్పు కిటికీదేనని ఆయన అన్నారు.

నవ్వు వస్తే నవ్వండి. నాకూ అప్పుడప్పుడు వస్తోంది. నవ్వించిన వాళ్ళ మాట తొందరగా చెల్లుతుందని విన్నాను కనుక, సముద్రపు కోటలో ఉన్న ఒక మనిషిని గుర్తుంచుకోమని మాత్రం వినయంగా వేడుకుంటున్నాను.

బేయాటా

*

స్టాక్‌హోమ్
మే 19

అక్కా,

‘ఇంటితోపాటు కదా?’ ఆ మాటకి రాజుగారు కుర్చీ మీద నిలబడలేదు కానీ నిలబడినంత పని చేశారు. నాకు కొత్త పదవి కూడా దాదాపు ఖాయం. అంతా నీ చలవే. బారన్‌ను ఎక్కడికో దూతగా పంపేశారు.

ఇంకో సంగతి. కోటలో జ్వరాలట. పోయిన సైనికుల పక్కన కూర్చుని ప్రార్థన చెప్తూ తురీన్‌కూ అంటుకుంది. ఏప్రిల్ మూడున పోయాడు. నేల గడ్డకట్టి ఉంది కనుక ఉప్పు చేపల కొట్టులో ఉంచి, మంచు కరిగాక పూడ్చారు. ఖాళీ అయిన పాస్టరు ఉద్యోగాల జాబితా నా బల్ల మీదికి ఏప్రిల్ పదకొండునే వచ్చింది, పేరు అందులో చూశాను. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఒట్టు. కానీ నీ పెళ్ళి ముందుంది. రాస్తే నువ్వు పెళ్ళి మానేసేదానివి. రాజుగారు ఆ ఉత్తరం కోసం నెలన్నరగా కాచుకుని ఉన్నారు. నన్నేం చెయ్యమంటావు? ఒకవిధంగా నీకు మేలే చేశాను. ఇల్లు నిలబడింది.

లొవీసాకు నువ్వే నెమ్మదిగా చెప్పు. వచ్చే ఉత్తరం ఎర్రదే పంపు, నవ్వుగా ఉండాలి. రాజుగారి పుట్టినరోజు వేడుకలు రాబోతున్నాయి, బల్ల నిండా జనం ఉంటారు.

ఊలోఫ్

*

ఆల్మెరూడ్
మే 30
(ఎర్ర లక్క)

ప్రియమైన తమ్ముడికి,

రాజుగారి బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ పల్లెటూరి పాస్టరమ్మ దండాలు. ఈసారి నవ్వుగా రాయమన్నావు. ప్రయత్నిస్తాను.

దొక్తోర్ వెక్‌మన్ గారు మా గుమ్మాలు కూడా కొలిచారు. లోపలికి వస్తూ నుదురు కొట్టుకుని, “ఈ ఇంట్లో తలుపులు పొట్టిగా కట్టారు” అన్నారు. నాకు నీ మాటే గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. నువ్వు డిసెంబరులో రాశావు కదా, రాజుగారు వీరుడి దుస్తుల్లో అద్దం ముందు నిలబడి పొడుగ్గా ఉన్నానా అని అడిగితే, తలుపులే పొట్టిగా కట్టారని చెప్పాననీ, ఆయన అది నమ్మి రోజంతా తల వంచుకుని నడిచారనీ. మా ఆయన నిజంగానే పొడుగు. అదొక్కటే తేడా.

రాజుగారి నాటకం గురించి కూడా రాశావు. పేరు ఆయనది, మిగతా అంతా నీదని. ఆయన తన మాటలు అనుకుని నీ మాటలకు ఏడ్చారని. ఇంత కష్టపడి రాసి పేరు మాత్రం రాజుగారికి ఇచ్చేస్తున్న నీ వినయం చూసి మీ బావగారుంటే సంతోషించేవారు.

మరో మాట రాశావు, అది నా గుండెను తాకింది. రాజుగారు ముసలి పసిపిల్లాడనీ, చూసేవాళ్ళు లేకపోతే ఏడుస్తాడనీ. అప్పటినుంచి పొద్దున్నే ప్రార్థనలో ఆయన పేరు పిల్లల వరసలో చెప్తున్నాను. తల్లిలేని పిల్లలను పెంచినదాన్ని, నాకు ఆ ఏడుపు తెలుసు.

ఇందులో నా సొంత మాట ఒక్కటీ లేదు, అన్నీ నువ్వు చెప్పినవే. నీ ఉత్తరాలు పొయ్యిలో పెట్టమన్నావు కానీ, అంత అందమైన చేతిరాతను కాల్చబుద్ధి కాలేదు. ఎవరైనా చూడాలంటే భద్రంగా ఉన్నాయి.

దేవుడు రాజుగారికి జ్ఞానం ఇచ్చుగాక. ఆమెన్ అనడానికి ఈసారి చాలామంది ఉంటారనుకుంటాను.

బేయాటా

*

యెన్‌షోపింగ్ దారిలో, ఒక సత్రం
జూలై 6

అక్కా,

ఎంత పని చేశావు! తెలిసే చేశావా? తెలియక చేశావని రాయి, అంతే చాలు, నమ్ముతాను.

తలుపుల దగ్గరికి వచ్చేసరికి కన్ను కింది వరసలోకి పోయింది, అక్కడ ఏముందో చూసింది. ఆపాను. “చదువు” అన్నారు. దగ్గు నటించాను. “చదువు ఊలోఫ్, నవ్వుగా ఉంది” అన్నారు. నేను చదవలేకపోతే ఆయనే చెయ్యి చాపి తీసుకుని, లేచి నిలబడి, నలభై మంది ముందు చివరిదాకా చదివారు. ఎంత బాగా చదివారో! నీ గొంతు, ఆ వినయం, అంతా పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. చివర ఆమెన్ కూడా ఆయనే అన్నారు.

కాయితం మడిచి నాకిచ్చి, “ఊలోఫ్, తలుపు పొట్టిది. బాగా వంగి బయటికి నడు” అన్నారు. వంగాను. ఆ హాలు ఎంత పొడుగో నీకు తెలియదు. ఆ చివరిదాకా వంగే నడిచాను. అప్పుడు నవ్వారు అందరూ.

ఉద్యోగం పోయింది. ప్రభుత్వపు ఇల్లు సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. నాకు కనికరపు ఏడాది లేదు, ఒక్క పూట ఇచ్చారు. నిన్నటిదాకా నా మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఇప్పుడు కిటికీలు మూస్తున్నారు. స్టాక్‌హోమ్‌లో కనపడకూడదన్నారు. జ్వరంగా ఉంది. ఈ సత్రంలో దుప్పటి కూడా తడిగా ఉంది. ఇది రాస్తూ ఏడుస్తున్నాను, చూడు, సిరా చెదిరింది.

అక్కా, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. ఆల్మెరూడ్‌కు వస్తాను. నేతగది అయినా చాలు. పశువుల పాక అయినా సరే. ఒక్క ఏడాది. అమ్మ పోయిన రోజు నీ వీపు మీద ఉన్నవాణ్ణి. రమ్మను.

నీ తమ్ముడు,
ఊలోఫ్

*

ఆల్మెరూడ్
ఆగస్టు 2
(నల్ల లక్క)

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. తెలిసే చేశానా అని అడిగావు. ఎర్ర లక్కను దీపం మీద కరిగించేటప్పుడు నా చెయ్యి వణకలేదు. అబద్ధం రాయలేను కనుక ఇంతే రాస్తున్నాను. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి నేను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేదు. రొట్టె తీసుకునే అర్హత లేదు నాకు. ఎందుకు రావడం లేదని వెక్‌మన్‌గారు అడగలేదు. రొట్టె మిగిలిందని సంతోషించారు.

ఉప్పు చేపల కొట్టు సంగతి లొవీసాకు చెప్పాను. నువ్వు రాసినట్టే, ఒక్కటీ వదలకుండా. అది నేత మగ్గం మీద ఉన్న గుడ్డ కోసి, మడిచి, పెట్టెలో పెట్టింది. అతని చొక్కా కోసం నేస్తున్నది.

రావద్దు. నేతగదిలో లొవీసా ఉంటుంది. పశువుల పాకలో ఆవులు ఉన్నాయి, వాటికి చోటు ఇరుకైతే పాలివ్వవు. కనికరపు ఏడాది పాస్టరు విధవలకు ఇచ్చేది, రాజుగారి కుర్చీ పక్కన కూర్చున్నవాళ్ళకు ఎవరూ రాసిపెట్టలేదు. నా వీపు మీద పడుకున్న పిల్లవాణ్ణి నేనిప్పటికీ మోస్తున్నాను, అతను రెండేళ్ళవాడు, అతని పేరు ప్రార్థనలో చెప్తున్నాను. నువ్వెవరో నాకు సరిగ్గా తెలియదు.

నిన్న కోతలు మొదలయ్యాయి. మధ్యాహ్నం కోతవాళ్ళకు భోజనం పెట్టాం. ఎండకు అందరూ అలిసి, గిన్నెల ముందు ఆవులిస్తున్నారు. నీ ఉత్తరం నా జేబులో ఉంది. తీసి చదివాను. బల్ల దగ్గర పదకొండు మందిమి ఉన్నాం, అందులో ఇద్దరికి చెవుడు. వంగి నడిచిన చోటు దగ్గర హోకన్‌కు పులుసు ముక్కులోంచి వచ్చింది. “అమ్మగారూ, ఆ హాలు ముక్క ఇంకోసారి” అన్నాడు. మళ్ళీ చదివాను. చెవిటివాళ్ళకు పక్కవాళ్ళు అరిచి చెప్పారు.

లొవీసా నవ్వలేదు. కాయితం నా చేతిలోంచి తీసుకుని, సిరా చెదిరిన చోట వెలుతురుకు పెట్టి చూసింది. నాలుకతో అద్ది, ఉప్పగా ఉందో లేదో చూసింది. తిరిగి ఇచ్చేసింది.

ఎర్ర లక్క అయిపోయింది. దీనికి నల్లది వేస్తున్నాను. ఏ సత్రంలో ఉంటే అక్కడినుంచి రాస్తూ ఉండు తమ్ముడూ. జ్వరం ఎలా ఉందో, ఎవరు ఏ తలుపు మూశారో, ఒక్కటీ వదలకుండా రాయి. నీ ఉత్తరం లేకపోతే ఇక్కడ మాకు పొద్దుపోదు.

నీ అక్క,
బేయాటా